ఎడమ నుంచి కుడికి

క్లారా నా బల్ల మీద పెట్టిన అట్టముక్కను నేను చేతిలోకి తీసుకోలేదు. తీసుకోకుండానే గుర్తుపట్టాను. మా పాత టైపు మిషనులో 'ఆర్' అక్షరానికి ఒక కాలు అరిగిపోయి ఉండేది. కార్డు కింది మూలన ఉన్న నా పొడి అక్షరాల్లో ఆ కుంటి 'ఆర్' ఇప్పటికీ అలాగే ఒరిగి నిలబడి ఉంది. అల్ ఖోబర్‌లో నా ఫ్లాటు అప్పటికే సగం ఖాళీ అయింది. ఇక తిరిగి రాకుండా దేశం వెళ్లిపోవడానికి ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ కాగితం చేతికొచ్చింది, పుస్తకాలు పెట్టెల్లోకి వెళ్లాయి, గోడ మీద మా తాతగారి పటం ఒక్కటే మిగిలింది. అది చివరి రోజున నా చేతిసంచీలో రావాలని ముందే అనుకున్నాను. పొద్దు వాలే వేళ నమాజుకు పిలిచే అసర్ బాంగు అయిన కాసేపటికి ఆ అమెరికన్ అమ్మాయి తన కారు తానే నడుపుకుంటూ వచ్చింది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆడవాళ్లు కారు నడపడం ఈ దేశంలో నిషేధం, ఇంజనీర్ల భార్యలు టమాటాలు కొనడానికి కూడా డ్రైవరు కోసం గుమ్మంలో ఎదురుచూసేవారు. ఆమెకు కుర్చీ చూపించి నేను ఎదురుగా కూర్చున్నాను. వీపు ఆనించలేదు. మా ఇంట్లో కుర్చీకి వీపు ఆనించడం జ్వరం వచ్చినవాళ్లకే చెల్లేది.

ఆమె ఇక్కడి ఒక స్కూల్లో టీచరుగా వచ్చింది. నా మొదటి మేనేజరు ఎల్మర్‌గారికి మనవరాలు. ఎప్పుడో పోయిన తాత వస్తువులు ఇప్పుడు సర్దుతుంటే రెండు పెట్టెల నిండా పాత ఫోటోలు, ఒక్కో ఫోటోకు ఒక్కో కార్డు, ఒక నోటు పుస్తకంలో నా పేరు దొరికాయట. ఆ ఫోటోలు అమెరికా నడిబొడ్డున, అయోవాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరివి. ఇప్పుడు ఆ ఊరివాళ్లు మూతపడిన బ్యాంకు కట్టడాన్ని గ్రంథాలయం చేసి, దాని గోడల నిండా ఈ ఫోటోలు పెడుతున్నారు. కింద పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు ఉంటాయి. పేర్ల జాబితా ఈ వారంలో చెక్కేవాడికి పంపాలి. అంతా సిద్ధమయ్యాక ఒక ముసలాయన వచ్చి, మంగలి దుకాణం ఫోటో ముందు నిలబడి, తన తండ్రి పేరు వేరేవాడి కింద ఉందని అన్నాడట.

"మిస్టర్ రావ్, నేను అడగాల్సింది ఒక్కటే," అంది క్లారా. "ఈ కార్డుల్లో పేర్ల వరుస మా తాతయ్య చెప్పిందేనా? లేక ఎక్కడైనా మారిందా?"

నేను జవాబు చెప్పేలోగా ఆమె ఇంకో ఫోటో తీసి కార్డు పక్కన పెట్టింది. గోధుమ నూర్పిడి మిషను ముందు ఏడుగురు మనుషులు. "ఇది అమ్మ మంచం పక్కన ఉండే ఫోటో. ఈ కుడి చివరాయన ఎమిల్, మా తాతయ్యకు తండ్రి. తాతయ్య పాలు తాగే వయసులోనే ఆయన పోయాడు. ఆయనది ఇంకో ఫోటో లేదు. అమ్మకు చూపు తగ్గిపోతోంది. రోజూ భూతద్దం పెట్టి ఆయన ముఖం చూసుకుంటుంది. కనీసం ఈ ఒక్క కార్డు సరైనదే కదా?"

కుడి చివరన గుబురు మీసాలాయన రొమ్ము విరిచి నిలబడి ఉన్నాడు. అతను ఎమిల్ కాదు. ఆ సంగతి ఈ గదిలో నాకొక్కడికే తెలుసు.

నేను ఈ దేశానికి వచ్చిన తీరు మా ఇంట్లో ఎప్పుడూ గట్టిగా చెప్పుకోలేదు. మాది జగిత్యాల వైపు ఒక ఊళ్లో గడి. గడి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఎత్తైన ప్రహరీ, బురుజులు, ఊరంతటికీ కనబడే ద్వారం ఉన్న దొరల ఇల్లు. నాకు ఊహ వచ్చేసరికి బురుజుల మీద పిచ్చిచెట్లు మొలిచాయి, గుర్రాల కొట్టంలో గుర్రాలు లేవు, జీను తోలు వాసన మాత్రం మిగిలింది. నేను కాలేజీకి వచ్చేసరికి భూములూ పోయాయి, ఊళ్లో మా మాటా పోయింది. మా నాన్న కరీంనగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఆ గదుల్లో కూడా తలపాగా చుట్టుకునే బయటికి వచ్చేవారు. అటువంటి రోజుల్లో లింగయ్య నాకు వీసా పంపాడు. లింగయ్య తల్లి మా గడిలో వడ్లు దంచేది. అతను నాకంటే ఐదారేళ్లు పెద్ద, అప్పటికే ఖోబర్‌లో ఒక అమెరికన్ కంపెనీలో పైపుల పని చేస్తున్నాడు. ఇంగ్లిషు టైపు వచ్చిన మనిషి కావాలని మేనేజరు అంటే, మా ఊళ్లో చిన్నదొర ఉన్నాడని చెప్పాడట. వీసా కాగితం తెచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "లింగన్న ఇంకో మాట చెప్పుమన్నడు. చిన్నదొర అచ్చేటప్పుడు పెద్దదొర పటం సుత తెచ్చుకోమన్నడు. పరాయి దేశంల ఇంటోళ్ల మొఖం కనపడాలె అన్నడు," అన్నాడు. జీతగాని ఇంటి నుంచి వీసా రావడం మింగలేక ఉన్న మా నాన్న ముఖం ఆ మాటతో వెలిగింది. "చూసినవా? ఉప్పు తిన్న విశ్వాసం ఎక్కడికి పోతది?" అన్నారు. గోడ మీది పటం ఆయనే స్వయంగా దించి, నా పంచెల మధ్య చుట్టి పెట్టెలో పెట్టారు.

ఆ పటంలో మా తాతగారు నడుమ కుర్చీలో కూర్చుని ఉంటారు. రెండువైపులా ఆయన తమ్ముళ్లు, వెనక మేనల్లుళ్లు, ఎడమ పక్కగా లెక్కలు రాసే మునుషీ. ఎడమ చివరన మోతి, మా తాతగారి తెల్లగుర్రం. దాన్ని నేను చూడలేదు కానీ దాని నడక, దాని అలక, అది బెల్లం తినే తీరు చిన్నప్పుడు వందసార్లు విన్నాను. ఫోటో వెనక ఒక్క అక్షరం ఉండదు. పటం కట్టినవాడు పేర్లు రాయమంటారా అని అడిగితే మా నానమ్మ, "మనల్ని ఎరుగనోళ్లు ఎవరున్నరు? పేరు రాసి చూపించుకునుడు గుమాస్తాల పని," అందని ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్లు.

ఖోబర్‌లో కంపెనీ ఆఫీసు సముద్రానికి దగ్గరగా ఒక విల్లాలో ఉండేది. ముందు గదుల్లో ఆఫీసు, మేడ మీద ఎల్మర్, వెనక ఒక గదిలో నేనూ లింగయ్యా. ఎండాకాలం ఉదయం ఆరుగంటలకే కిటికీ అద్దాల మీద ఉప్పుతేమ కారుతూ ఉండేది. ఏసీ నీళ్లు బకెట్లో టపటపా పడే చప్పుడుకే మెలకువ వచ్చేది. లింగయ్య అప్పటికే లేచి, ఎర్రపప్పు ఉడికించి, ఉల్లిపాయ తాలింపు వేసి, నిన్నటి ఖుబూస్ రొట్టెలు పెనం మీద వేడిచేసేవాడు. వండేది అతను, ముందు వడ్డించేది నాకు, నేను తిన్నాక తినేది అతను. అలా చేయమని నేను అనలేదు, వద్దని కూడా అనలేదు. పనికి బయలుదేరే ముందు అతను నా మంచం మీది గోడకున్న పటం ముందు నిలబడి, కొంచెం వంగి, అద్దం కింద ఎడమ మూలను వేలితో ముట్టి, ఆ వేలిని కళ్లకు అద్దుకునేవాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ పద్ధతి చూసినప్పుడల్లా, గడి కూలినా గౌరవం కూలలేదని నా గుండె నిండేది. ఒక్కటే చిరాకు, పైపులకు పూసే జిడ్డు అతని వేళ్లకు ఉండేది. అద్దం మీద మరక పడేది. ప్రతి శుక్రవారం నేను తడిగుడ్డతో ఆ మూలను తుడిచేవాణ్ణి.

ఎల్మర్ పొడుగాటి, తక్కువ మాట్లాడే మనిషి. కాఫీ మరిగి మాడిన వాసన ఆయన చుట్టూ ఎప్పుడూ ఉండేది. భార్యాబిడ్డలు ఎప్పుడో వేరుపడ్డారని అనుకునేవారు. ఆయన పినతండ్రి ఆ అయోవా ఊళ్లో ఫోటోలు తీసేవాడట. పెళ్లిళ్లకూ పండుగలకూ మాత్రమే కాదు, ఊరికే. ధాన్యం నిలవచేసే ఎత్తైన కట్టడం ముందు బండ్లు, మంచు ఎత్తిపోస్తున్న పోస్టుమాస్టరు, బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు, నోట్లో మేకులు పెట్టుకుని పైకప్పు కొడుతున్న వడ్రంగి. ఇవన్నీ ఎందుకు తీశాడో నాకు అర్థమయ్యేది కాదు. మా వైపు ఫోటో అంటే మెడ బిగించి కూర్చోవడం. పని చేసుకుంటున్న మనిషిని ఫోటో తీయడమంటే చాటుగా చూడటం లాంటిదే. ఆ ఫోటోల కవర్లు పొడిపొడిగా రాలిపోతుండేవి. ఎల్మర్ సాయంత్రాలు కూర్చుని వాటి మీది రాతను పెన్సిలుతో చీటీల మీదికి ఎత్తేవాడు. ఆఫీసు పని అయ్యాక నేను వాటిని కార్డుల మీద టైపు చేయాలి. "ఎడమ నుంచి కుడికి, ఎలా ఉంటే అలాగే," అని మొదటిరోజే చెప్పాడు. మొదటి వంద కార్డులు తానే కవర్ల మీది రాతతో సరిచూసి, ఒక్క తప్పూ దొరక్క, ఆ తరువాత చూడటం మానేశాడు.

ఆ పని నాకు కొత్తది కాదు. గడిలో మా తాతగారు ఉత్తరాలు చెప్పి రాయించేవారు. చివరన ఎవరెవరికి దీవెనలు, ఎవరెవరికి నమస్కారాలు అన్న జాబితా ఉత్తరం కంటే పొడుగ్గా ఉండేది. ఆ వరుసలో పెద్దవారి ముందు చిన్నవారి పేరు పడితే ఉత్తరం చింపి మళ్లీ రాయాలి. అక్షరాలు దిద్దుకునే వయసులో ఒకసారి చిన్నతాత పేరు పెద్దతాత పేరు కంటే ముందు రాశానని మునుషీ నా వేళ్ల మీద రూళ్లకర్రతో కొట్టాడు. తాతగారు చూస్తూ ఉండి, "ఇంకోటి," అన్నారు. రాజ్యం పోయినా, భూమి పోయినా, పేర్ల వరుస పోలేదు. మా ఇంట్లో చివరిదాకా నిలిచిన ఆస్తి అదొక్కటే.

అందుకే ఆ నూర్పిడి చీటీ దగ్గర నా వేళ్లు ఆగాయి. టైపు చేసేటప్పుడు పైకి చదువుకోవడం నాకు అలవాటు. "ఎడమ నుంచి, ఎమిల్, జీతగాడు..." అని చదివి ఆగిపోయాను. ఆసామి పేరు రెండోది. ఆయన కొడుకులు ఆ తరువాత. జీతగాడు ముందు! ఎల్మర్‌కు ఆ ఎమిల్ ఏమవుతాడో చీటీలో లేదు, ఆయనా చెప్పలేదు. నాకు కనబడింది మర్యాద తెలియని రాత. మిస్టర్ అని ఉన్న పేరు ముందు కొట్టాను, కొడుకుల పేర్లు, మిషనువాడు, ఇరుగుపొరుగు, అందరికంటే చివరన ఎమిల్. కార్డు చూడటానికి ముచ్చటగా, పద్ధతిగా ఉంది. చీటీ చింపి బుట్టలో వేశాను. టైపు అయిన చీటీ చింపడం నా అలవాటు.

లింగయ్య పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఆ ఫోటోలంటే అతనికి ఇష్టం. చేయి తుడుచుకుని దాన్ని అంచులతో పట్టుకున్నాడు.

"దొరా, గీ మూలకు నవ్వుకుంట నిలవడ్డాయన ఎవలు?"

"జీతగాడు."

"పని అడగలే. పేరడిగిన."

"ఎమిల్."

"ఎమిలు," అని ఒకసారి పలికి చూసుకున్నాడు. "నువ్వు ముందుగాల సదివింది ఆయన పేరే గద. మరి ఆఖర్కి కొట్టినవేంది?"

"అట్లనే రాస్తరు. ముందు ఆసామి, ఆయన కొడుకులు, ఆఖరుకు పనోళ్లు."

"మరి ఎవలు ఎవలో ఎట్ల తెలుస్తది?"

"చూస్తే తెలుస్తలేదా? దొరెవరో జీతగాడెవరో మొఖం మీదనే ఉంటది."

లింగయ్య ఫోటోను దీపం దగ్గరికి జరిపాడు. "నాకైతె అందరు ఒక్క తీరుగనే ఉన్నరు. అందరికి అవే లాగులు, అవే టోపీలు, అందరి మీద అదే దుమ్ము. నువ్వు చెప్పు, ఇండ్ల ఆసామి ఎవలు?"

నేను కుడి చివరన రొమ్ము విరిచి నిలబడ్డ మీసాలాయన్ని చూపించాను. చీటీ ప్రకారం ఆసామి ఎడమ నుంచి రెండోవాడు. బక్కగా, భుజాలు వంగి, కూలివాడి కంటే కూలివాడిలా ఉన్నాడు. ఆ సంగతి నాకు చూపించిన తరువాత గానీ గుర్తు రాలేదు. లింగయ్య కేసి చూడకుండా ఫోటో తీసుకున్నాను. అతను మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని, రాళ్లు ఏరుతూ, తనలో తాను నవ్వుకున్నాడు.

"అమెరికల సుత దొరతనం నడిపిచ్చినవు పో!"

ఆ మాటకు నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆ తరువాత వచ్చిన ప్రతి చీటీలోనూ పేర్లు మార్చాను. మంగలి దుకాణంలో మంగలి చివరికి వెళ్లాడు, హోటలు వంటామె చివరికి వెళ్లింది, బండివాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు, స్టేషను కూలీ, అందరూ వెళ్లారు. ఒక ఊరి మనుషులందరినీ ఒక చలికాలంలో వాళ్ల వాళ్ల చోట్ల నుంచి లేపి, మా తాతగారి ఉత్తరంలో నిలబెట్టాను. పెట్టెలు మేకులు కొట్టి ఓడకు పంపిన వారానికి ఎల్మర్ దేశం వెళ్లిపోయాడు. వెళ్తూ నాకొక ఉత్తరం ఇచ్చాడు. 'ఈ మనిషి చేతిలో తప్పు దొర్లదు' అన్న వాక్యం అందులో ఉంది. ఆ వాక్యం నాకు మూడు ఉద్యోగాలు ఇప్పించింది. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ వాక్యం మీదే.

ఇప్పుడు ఆ మనిషి మనవరాలు నా ఎదుట కూర్చుని జవాబు కోసం చూస్తోంది. నేను ఇంగ్లిషులో, స్పష్టంగా, "ఆయన రాసిచ్చిందే టైపు చేశాను," అన్నాను.

క్లారా తల ఊపింది. కార్డును కవరులో పెట్టడం మొదలుపెట్టింది. ఆమె ముఖంలో నా మీద అనుమానం లేదు, అదే నన్ను కలవరపెట్టింది.

"అయితే వరుస తప్పింది తాతయ్యే, అమ్మ భయపడిందే నిజం," అంది. "చివరి రోజుల్లో తాతయ్యకు మతి తప్పుతోందని అప్పట్లో ఎవరో అన్నారు. అమ్మ పైకి నమ్మలేదు, లోపల భయపడింది. ఆయన పోయే ముందు అమ్మకు రాసిన ఉత్తరంలో, నూర్పిడి ఫోటోలో మీ తాత ఉన్నాడు, ఏ మనిషో కార్డులో చూసుకో, అని ఉంది. ఆ కార్డునే అమ్మ నమ్ముకుంది. ఇప్పుడు ఏ కార్డునూ నమ్మలేం. పేర్లు లేకుండానే ఫోటోలు పెడతాం. మిమ్మల్ని శ్రమపెట్టాను, క్షమించండి."

ఆమె లేచింది. సంచీ భుజానికి తగిలించుకుంది. నేను కూడా మర్యాద కోసం లేచాను. మతి తప్పిన మనిషా ఎల్మర్? రాలిపోతున్న కవర్ల మీద ఊపిరి పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఒక్కో అక్షరం ఎత్తి రాసిన మనిషి. మా తాతగారు ఒక పేరు తప్పుపడితే ఉత్తరం చింపించేవారు. నేను ఊరంతటినీ తప్పు చేసి, ఆ తప్పును చచ్చిపోయిన మనిషి తల మీద పెట్టి, గుమ్మం దాకా సాగనంపుతున్నాను. నిటారుగా నిలబడటం అంటే ఇదేనా అని నా వీపు నన్నే అడిగినట్టయింది.

"కూర్చోండి," అన్నాను. "మీ తాతగారి మతి చక్కగా ఉంది. వరుస మార్చింది నేను."

ఆమె కూర్చోలేదు. నేను మాత్రం కూర్చున్నాను. ఎందుకు మార్చానో చెప్పాను. గడి గురించి చెప్పాను, దీవెనల జాబితా గురించి, రూళ్లకర్ర గురించి. పనివాళ్ల పేర్లు చివరికి వెళ్లాలని నా ఇంట్లో నేర్పారని చెప్పాను. తెలియక చేసింది కాదని, ఎడమ అంటే ఏమిటో కుడి అంటే ఏమిటో నాకు అప్పుడూ తెలుసని చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"ముప్పై ఏళ్లుగా అమ్మ ఎవర్ని చూస్తోంది?" అంది.

"నాకు తెలియదు. పొరుగు రైతు కావచ్చు."

"ఎమిల్ ఎవరు?"

నేను ఫోటోను ఆమె వైపు తిప్పాను. ఎడమ చివరన, మిగతావాళ్లకు రెండడుగుల దూరంలో, పంగలకర్ర భుజాన పెట్టుకుని, టోపీ వెనక్కి నెట్టుకుని, ఫోటో తీసేవాడితో ఏదో మాట్లాడుతూ నవ్వుతున్న పిల్లగాడిలాంటి మనిషి. "ఇతను. ఖాయంగా చెప్పగలను. నేను మార్చిన మొదటి పేరు ఇతనిదే. జీతగాడి పేరు ముందు ఉందని ఒళ్లు మండింది కాబట్టే గుర్తుంది."

క్లారా ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తరువాత పెన్సిలు తీసి నా ముందు పెట్టింది. "మిగతావి కూడా చెప్పండి," అంది. గొంతులో దయ లేదు. ఉండాలని నేను ఆశించలేదు. చీకటి పడేదాకా ఆమె ఫోనులో ఒక్కో ఫోటో తెరవడం, నేను గుర్తున్నది చెప్పడం. పదకొండు ఫోటోలు నమ్మకంగా చెప్పగలిగాను. మిగతావాటికి, ఫలానా కార్డు నుంచి వరుస నమ్మకండి, పేర్లు నమ్మండి, అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఎల్మర్ ఇచ్చిన ఉత్తరం కూడా తెచ్చి ఆమెకిచ్చాను. ఆమె చదివి, ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, తిరిగి నా బల్ల మీదే పెట్టి వెళ్లింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి గోడ మీది పటం చూసింది.

"వీళ్లు మీవాళ్లా? ఎడమ నుంచి ఎవరెవరు?"

"ఎడమ నుంచి మోతి, మా తాతగారి గుర్రం..." అన్నాను.

"గుర్రాన్ని పట్టుకున్నది?"

మోతికీ ఫోటో అంచుకీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. కళ్లెం పట్టిన చేయి, మోకాళ్ల దాకా పంచె, సగం ముఖం. మిగతా సగం పటం కట్టినవాడి అట్ట కిందికి పోయింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పటం. గుర్రం బెల్లం ఎలా తినేదో తెలుసు నాకు. ఆ మనిషి పేరు తెలియదు.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే లింగయ్యకు ఫోను చేశాను. అతను దేశం వెళ్లిపోయి పదేళ్లు దాటింది, శుక్రవారం అద్దం మూల తుడిచే అలవాటు మాత్రం నాకు పోలేదు. పండుగకో పబ్బానికో తప్ప మాట్లాడుకున్నది లేదు.

"ఏంది దొరా, గీయాల్ల మేం యాదికొచ్చినమా? పానం మంచిగున్నదా?" అన్నాడు. వెనక కోళ్లు అరుస్తున్నాయి.

"మంచిగనే ఉన్న. లింగయ్యా, మా తాత పటంల ఎడమ దిక్కు చివర గుర్రం పట్టుకున్నాయన ఎవరు?"

అటువైపు అతను కోళ్లను అదిలించి, వాటికి దూరంగా జరిగాడు.

"ఇప్పుడడిగినవా," అన్నాడు.

"పేరు కావాలె."

"మల్లయ్య. మా అయ్య."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"నేను కడుపుల ఉన్నప్పుడే పోయిండట," అన్నాడు లింగయ్య, ఎవరి సంగతో చెబుతున్నంత తేలిగ్గా. "మా అవ్వ చెప్పేది, గడిల లోపటి అర్రల పటం ఉన్నది, అండ్ల మీ అయ్య ఉన్నడని. మేం అర్రలకు రావద్దు గద. దర్వాజ కాణ్నించి మెడ సాపి సూస్తె గుర్రం తోక కనవడేది."

"అందుకే తెమ్మన్నవా పటం?"

"మరి? ఉత్త పెద్దదొర మొఖం సూసి వీసా పంపుతరా ఎవలన్న?" అని పెద్దగా నవ్వాడు. నవ్వులో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగాను.

"ఏండ్లకేండ్లు ఒక్క గదిల ఉన్నం. ఒక్క మాట చెప్పలేదేంది లింగయ్యా?"

"చెప్తె పటం తీసి పెట్టెల పెడుదువు గద దొరా."

కాదని అనబోయి ఆగాను. ఆ వయసులో, ఆ గదిలో, పొద్దున లేచి ఒక పైపులవాడు మా తాతగారి పటంలో తన తండ్రికి మొక్కుతున్నాడని తెలిస్తే నేనేం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. పెట్టెలో పెట్టేవాణ్ణే.

"ఫోన్ల ఫోటో తీసి పంపు," అన్నాడు లింగయ్య. "మనుమరాలు సూస్త అంటది. గని మా అయ్యను ఒక్కన్నే కోసి పంపకు. గుర్రంతోని, మీ తాతతోని, అందరితోని పంపు. ఒక్కడే ఉంటె ఏడ నిలవడ్డడో ఏం తెలుస్తది?"

పటం దించి, వెనక మేకులు ఊడదీసి, అట్ట తొలగించాను. అట్ట కింది నుంచి మిగతా సగం ముఖం బయటికి వచ్చింది. లింగయ్య ముక్కే. క్లారా మరిచిపోయిన పెన్సిలు బల్ల మీద ఉంది. మా నానమ్మ తెల్లగా ఉంచిన ఫోటో వెనక, ఎడమ నుంచి, అని రాసి, మల్లయ్య, అని రాశాను. తరువాత మోతి. తరువాత మునుషీ, తాతగారి పెద్ద తమ్ముడు. మా తాతగారి పేరు ఐదోది అయింది. చేయి ఆగలేదని అనను, ఆగింది. రాశాను.

ఫోటో తీసి పంపి, పటం తిరిగి గోడకు తగిలించి, వెనక్కి జరిగి చూశాను. ఎండ కిటికీలోంచి సూటిగా అద్దం మీద పడింది. పైన, కుడివైపు, నడుమ, అంతటా ఏళ్ల నాటి పొర కమ్మి ఉంది. కింద ఎడమ మూల ఒక్కటే తళతళ మెరుస్తోంది. ప్రతి శుక్రవారం అంత శ్రద్ధగా తుడిచాను నేను.